కాండం ముక్క నుంచి పిండాలు, రెమ్మలు: క్యారెట్, పొగాకులతో ప్రయోగశాలలో చేసే విధానం

ప్రాజెక్టు పని మొదలుపెట్టిన విద్యార్థులు ఏటా దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు: “కాలస్ బాగానే పెరుగుతోంది కానీ అందులోంచి మొక్క రావడం లేదు, ఇంకే హార్మోను వేయాలి?” కాలస్ అంటే కోసిన ముక్క మీద పెరిగే, ఇంకా ఏ అవయవంగానూ రూపుదిద్దుకోని కణాల ముద్ద. పిండాల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ఇంకో హార్మోను వేయడం కాదు, ఉన్నదాన్ని తీసివేయడం. రెమ్మల విషయంలో మాత్రం జవాబు వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే నెలల పని వృథా అవుతోంది కనుక రెండు దారులనూ విడివిడిగా, మొదటి రోజు నుంచి కుండీలో నాటేవరకు ఇక్కడ వివరిస్తున్నాను.

పిండాలకు క్యారెట్, రెమ్మలకు పొగాకు తీసుకున్నాను. రెండూ మాట వినే మొక్కలు. వీటితో చేయి తిరిగిన తరువాతనే మొండి పంటల జోలికి వెళ్లడం మంచిది.

1. ముందుగా ఏది కావాలో తేల్చుకోండి

శాఖీయ పిండానికి (గింజలో కాక, మామూలు శరీర కణాల నుంచి పుట్టే పిండానికి) ఒక కొసన కాండపు మొన, రెండో కొసన వేరు మొన మొదటి నుంచీ ఉంటాయి. తల్లి కణజాలంతో దానికి నాళాల సంబంధం ఉండదు. రెమ్మకు కాండపు మొన ఒక్కటే ఉంటుంది, అది తల్లి కణజాలపు నాళాలకు అతుక్కుని పెరుగుతుంది, వేరును తరువాత మనం విడిగా తెప్పించాలి.

పరీక్ష కష్టమేమీ కాదు. కాలస్ మీద కనిపించే ఆకుపచ్చ బొడిపెను స్టీరియో మైక్రోస్కోపు కింద సూదిమొన ఫోర్సెప్స్‌తో మెల్లగా కదపండి. పిండమైతే కొర్రగింజలా ఊడి వస్తుంది, దాని కింది కొస నున్నగా, మూసుకుని ఉంటుంది. రెమ్మ అయితే ఊడదు. లాగితే అడుగున చిరిగిన కణజాలం పీచులా వేలాడుతుంది. ఈ పరీక్ష చేయకుండానే “పిండాలు వచ్చాయి” అని రాసిన రికార్డులు చాలా చూశాను.

2. సిద్ధం చేసుకోవలసినవి

- లామినార్ ఎయిర్ ఫ్లో (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే బల్ల), ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే పాత్ర), పీహెచ్ మీటరు, మిల్లీగ్రాముల వరకు తూచే త్రాసు
- 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే కల్చర్ గది. 16 గంటలు వెలుతురు, 8 గంటలు చీకటి ఇచ్చే టైమరు. చీకటి కోసం తలుపున్న బీరువా
- షేకరు (లేకపోయినా పని జరుగుతుంది, 6వ భాగంలో దారి చెప్పాను)
- స్కాల్పెల్, పొడవైన ఫోర్సెప్స్ రెండు జతలు, పెట్రీ డిష్‌లు, జాడీలు, పారాఫిల్మ్ (మూతల చుట్టూ చుట్టే సాగే పొర)
- మందు పట్టించని క్యారెట్, పొగాకు విత్తనాలు
- ఎంఎస్ (మురషిగే-స్కూగ్) యానకం పొడి, అంటే కణజాలం పెరగడానికి కావలసిన పోషకాల పొడి; చక్కెర, గడ్డకట్టించే అగర్; హార్మోన్లు: 2,4-డి, ఎన్ఏఏ (ఈ రెండూ ఆక్సిన్లు), బీఏపీ (సైటోకైనిన్)
- 70 శాతం ఆల్కహాల్, సోడియం హైపోక్లోరైట్, ట్వీన్-20 (ద్రావణం బాగా అంటేలా చేసే సబ్బులాంటి ద్రవం)

విత్తనాల దుకాణంలో దొరికే గులాబీ, నీలం రంగుల క్యారెట్ గింజలు శిలీంధ్రనాశిని పట్టించినవి. రంగు వేయని గింజలు అడిగి తెచ్చుకోండి.

చాలామంది 2,4-డి గురించి ఒక సందేహం అడుగుతుంటారు. వరిచేలలో వెడల్పాకు కలుపుకు కొట్టే మందులో ఉండేది ఇదే, అయితే ఆ డబ్బాలోది ఇక్కడ పనికిరాదు. అందులో అది లవణంగానో ఎస్టర్‌గానో ఉంటుంది, పైగా ఇతర పదార్థాలు కలిసి ఉంటాయి. ప్రయోగశాల గ్రేడుదే వాడాలి.

గింజల శుద్ధికి మెర్క్యూరిక్ క్లోరైడ్ వాడే అలవాటు మన కళాశాలల్లో ఇంకా ఉంది. అది విషం, పారబోసే దారి కూడా లేదు. ఈ రెండు మొక్కలకూ దాని అవసరమే రాదు.

3. యానకం తయారీ

ఒక లీటరుకు 800 మి.లీ. స్వేదనజలంలో ఎంఎస్ పొడిని (ప్యాకెట్ మీద రాసిన తూకం ప్రకారం, సాధారణంగా 4.4 గ్రాములు), 30 గ్రాముల చక్కెరను కరిగించాలి. తరువాత హార్మోను కలిపి, నీటిని లీటరుకు సరిచేసి, పీహెచ్ 5.8కి తెచ్చి, ఆఖరున 8 గ్రాముల అగర్ వేయాలి. ఈ వరుస మారకూడదు. అగర్ వేసిన తరువాత పీహెచ్ చూస్తే మీటరు ఎలక్ట్రోడు పాడవుతుంది, అంకె కూడా తప్పు చూపుతుంది.

హార్మోన్ల స్టాకును మి.లీ.కి 1 మి.గ్రా. చొప్పున చేసుకోండి. 100 మి.గ్రా. పొడిని ముందుగా కొద్ది చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ (1N గాఢత) ద్రావణంలో పూర్తిగా కరగనిచ్చి, తరువాత నీటితో 100 మి.లీ. చేయాలి. 2,4-డి, బీఏపీ, ఎన్ఏఏ మూడింటికీ ఇదే పద్ధతి. నేరుగా నీళ్లలో వేస్తే పొడి అడుగున తేలికైన మబ్బులా ఉండిపోతుంది, మీరు మాత్రం లీటరుకు 1 మి.గ్రా. వేశామనే అనుకుంటారు.

లీటరుకు 1 మి.గ్రా. కావాలంటే ఈ స్టాకు 1 మి.లీ. చాలు. లీటరుకు 0.1 మి.గ్రా. కావలసినప్పుడు 0.1 మి.లీ. కొలవడానికి ప్రయత్నించకండి. స్టాకును పదింతలు పలచన చేసుకుని అందులోంచి 1 మి.లీ. వేయండి. చిన్న కొలతలో చేయి కొంచెం తడబడినా ఆక్సిన్ రెట్టింపవుతుంది.

చేసుకోవలసిన యానకాలు ఇవి:

- అ: సగం బలం ఎంఎస్, హార్మోను లేదు (మొలకలకు, వేర్లకు)
- ఆ: పూర్తి ఎంఎస్, 2,4-డి లీటరుకు 1 మి.గ్రా. (క్యారెట్ కాలస్‌కు)
- ఇ: పూర్తి ఎంఎస్, హార్మోను లేదు (క్యారెట్ పిండాలకు)
- ఈ: పూర్తి ఎంఎస్, బీఏపీ లీటరుకు 1 మి.గ్రా., ఎన్ఏఏ లీటరుకు 0.1 మి.గ్రా. (పొగాకు రెమ్మలకు)

ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. మధ్యలో కరెంటు పోయి ఒత్తిడి పడిపోతే మిగిలిన నిమిషాలు కలిపి సరిపెట్టకూడదు, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవ్వాలి. అలాగని ఎక్కువసేపు ఉడికించినా నష్టమే: చక్కెర ముదిరి యానకం గోధుమరంగుకు తిరుగుతుంది, పీహెచ్ దిగిపోతుంది, అగర్ జావలా మిగులుతుంది.

యానకం పోసిన తరువాత మూడు నాలుగు రోజులు ఖాళీగా ఉంచి చూడండి. బూజు గానీ, మబ్బు గానీ కనిపిస్తే తప్పు ఆటోక్లేవ్‌ది లేదా యానకం పోసిన తీరుది. మొక్క మీద నింద పడదు.

4. శుభ్రమైన మొలకలు పెంచడం

తోటలోని ముదురు కాండం తెచ్చి శుద్ధి చేయడం కన్నా గింజను శుద్ధి చేసి జాడీలో మొలకెత్తించి ఆ లేత కాడను కోసుకోవడం ఎంతో సులువు. ఇందులో పోయేది కేవలం వారం రోజులే.

క్యారెట్ గింజల మీద సన్నని ముళ్లుంటాయి, వాటి మధ్య మట్టి, సూక్ష్మజీవులు ఇరుక్కుని ఉంటాయి. కాబట్టి:

1. గింజలను పలచని గుడ్డలో మూటకట్టి, సబ్బునీటితో పిసికి, కుళాయి నీటి కింద 20 నిమిషాలు ఉంచండి.
2. లామినార్ కింద 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం ముంచండి.
3. రెండు చుక్కల ట్వీన్-20 కలిపిన 2 శాతం హైపోక్లోరైట్‌లో 20 నిమిషాలు కదుపుతూ ఉంచండి. పాత సీసా పనికిరాదు, తెరిచి ఉంచినకొద్దీ దాని బలం తగ్గుతుంది.
4. శుద్ధి చేసిన నీటితో నాలుగుసార్లు కడగండి.
5. “అ” యానకం మీద జాడీకి ఎనిమిది గింజలకు మించకుండా పరచండి. ఒక్క గింజ బూజు పట్టినా జాడీ అంతా పోతుంది.

క్యారెట్ జాడీలను వారం పది రోజులు చీకట్లో ఉంచాలి. వెలుతురు కోసం సాగే మొలకకు కాడ పొడవుగా, తెల్లగా వస్తుంది. మనకు కావలసింది ఆ భాగమే: బీజదళాలకు కింద, వేరుకు పైన ఉండే హైపోకోటైల్.

పొగాకు గింజలు నలుసులంత ఉంటాయి, ఒక గ్రాములో పది వేలకు పైగా ఉంటాయి. వీటిని చిన్న మూతగొట్టంలో వేసి, ఆల్కహాల్‌లో అర నిమిషం, 1 శాతం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు ఉంచి కడిగితే చాలు. వీటిని వెలుతురులోనే మొలిపించాలి. మూడు నాలుగు ఆకులు వచ్చాక ఒక్కొక్కదాన్ని వేరే జాడీకి మార్చి, కాండం సాగేవరకు ఐదారు వారాలు పెంచండి.

5. క్యారెట్: కాలస్ పెంచడం

మొలకను శుభ్రమైన పెట్రీ డిష్‌లో పడుకోబెట్టి, బీజదళాలను, వేరును కోసి పారేయండి. మిగిలిన కాడను సెంటీమీటరు ముక్కలుగా కోసి, “ఆ” యానకం మీద అడ్డంగా పడుకోబెట్టి, ఫోర్సెప్స్ వీపుతో కొంచెం అదమండి. గాలిలో తేలే ముక్క ఎండిపోతుంది, పూర్తిగా మునిగిన ముక్క ఊపిరాడక నల్లబడుతుంది. స్కాల్పెల్‌ను కాల్చిన వెంటనే తగిలించకండి, పది లెక్కపెట్టి చల్లారాకనే కోయండి.

డిష్‌లను 25 డిగ్రీల వద్ద చీకట్లో పెట్టండి. దాదాపు పది రోజులకు కోసిన కొసలు ఉబ్బుతాయి. నాలుగు నుంచి ఆరు వారాలకు మార్చడానికి తగినంత కాలస్ వస్తుంది.

ఇక్కడే కంటికి పని పడుతుంది. ఒకే ముక్క మీద రెండు రకాల కాలస్ పెరుగుతుంది. ఒకటి తెల్లగా, నీరు పట్టి, స్పాంజిలా ఉండేది. ఇదే వేగంగా పెరుగుతుంది, కొత్తవారికి ముచ్చటేసేదీ ఇదే, పిండాలకు మాత్రం పనికిరాదు. రెండోది లేత పసుపు రంగులో, బొంబాయి రవ్వ ముద్దలా ఉండి, ఫోర్సెప్స్ తగిలితే పొడిపొడిగా విడిపోతుంది. పిండాలనిచ్చేది ఇది. మార్చిన ప్రతిసారీ రెండో రకాన్నే ఏరి, మూడు నాలుగు వారాలకొకసారి తాజా “ఆ” యానకం మీదకు మార్చండి. ఏరకుండా ముద్దను మొత్తంగా మారిస్తే రెండు మూడు మార్పుల్లో నీటి కాలస్ మొత్తాన్ని ఆక్రమిస్తుంది.

కాలస్‌ను ఏడాది పాటు 2,4-డి మీద తిప్పుతూ దాచుకోవాలని చూడకండి. కాలం గడిచేకొద్దీ కణాల క్రోమోజోముల్లో తేడాలు పేరుకుంటాయి, పిండాలనిచ్చే శక్తి కూడా తగ్గిపోతుంది. ఆరు నెలలు దాటిన కాలస్‌ను పక్కన పెట్టి, కొత్త గింజలతో మళ్లీ మొదలుపెట్టడం మేలు.

6. క్యారెట్: 2,4-డి తీసివేసి పిండాలు తెప్పించడం

2,4-డి ఉన్న యానకంలో కణాలకు పిండంగా మారే యోగ్యత వస్తుంది, కానీ అది ఉన్నంతవరకు అవి ముందుకు సాగవు. దాన్ని తీసివేసినప్పుడే గోళాకార దశ దాటి హృదయాకార, టార్పెడో, బీజదళ దశలు వరుసగా వస్తాయి. ఆ తీసివేత సగంసగంగా జరిగితే పిండాలు వంకరగా, బీజదళాలు అతుక్కుపోయి, లేదా కాండపు మొన లేకుండా వస్తాయి.

షేకరు ఉన్నవారు చేయవలసినది:

1. రవ్వలాంటి కాలస్ ఒక గ్రామును, అగర్ వేయని “ఆ” యానకం 50 మి.లీ. పోసిన 250 మి.లీ. ఫ్లాస్కులో వేసి, నిమిషానికి 100 నుంచి 120 చుట్ల వేగంతో తిప్పండి.
2. వారం పది రోజులకొకసారి తాజా యానకంలోకి మారుస్తూ మూడు విడతలు గడపండి.
3. శుద్ధి చేసిన 100 మైక్రాన్ల నైలాన్ జల్లెడలో వడకట్టి, కిందకు దిగిన చిన్న కణగుచ్ఛాలను తీసుకోండి.
4. వాటిని అడుగుకు దిగనిచ్చి, పై ద్రవాన్ని పారబోసి, అగర్ లేని “ఇ” యానకం పోయండి. ఇలా మూడుసార్లు కడగండి.
5. కొత్త ఫ్లాస్కులో 50 మి.లీ. “ఇ” యానకానికి, అడుగుకు దిగిన కణాలు 0.1 మి.లీ.కి మించకుండా వేయండి.

కడగడాన్ని ఒక్కసారితో ముగించేవారు, కణాలను ధారాళంగా వేసేవారు ఇద్దరూ ఒకే చోట ఇరుక్కుంటారు. గుచ్ఛాలు ఒత్తుగా ఉన్న ఫ్లాస్కులో అవి ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. మళ్లీ కాలసే పెరుగుతుంది. ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి చూస్తే ద్రవం దాదాపు తేటగా కనిపించాలి. “మరీ తక్కువ వేశానేమో” అని మనసులో అనుమానం వస్తే సరిగ్గా వేసినట్లే.

షేకరు లేనివారు అదే కాలస్‌ను చిన్న చిన్న రేణువులుగా విడదీసి, ద్రవ “ఇ” యానకంలో కడిగి, అగర్ ఉన్న “ఇ” పలకల మీద పలచగా పరచండి. పదిహేను రోజులకు కొత్త పలకకు మార్చండి. దిగుబడి తక్కువ, పిండాలన్నీ ఒకే దశలో ఉండవు, కానీ వస్తాయి.

రెండు మూడు వారాల్లో అన్ని దశలూ కనిపిస్తాయి. రెండు బీజదళాలు విడివడి, సన్నని వేరు మొన తేలిన పిండాలను మాత్రం ఏరి “అ” యానకం మీద, 16 గంటల వెలుతురులో పెట్టండి. హృదయాకార దశలో తొందరపడి తీస్తే చాలావరకు చనిపోతాయి. మరో రెండు మూడు వారాలకు ఈకల్లాంటి మొదటి ఆకులు వస్తాయి.

7. పొగాకు: కాండం ముక్క నుంచి రెమ్మలు

ఇక్కడ హార్మోనును తీసివేయనక్కరలేదు, నిష్పత్తి కుదరాలి. స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు 1957లో పొగాకు మీదనే చూపిన సూత్రమిది: సైటోకైనిన్ పాలు ఎక్కువైతే రెమ్మలు, ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేర్లు, రెండూ సరిసమానంగా ఉంటే కాలస్.

జాడీలో పెరిగిన మొక్క నుంచి రెండు కణుపుల మధ్య భాగాన్ని మాత్రమే తీసుకోండి. ముక్కలో కణుపు ఉంటే అక్కడి మొగ్గ వారానికే చిగురిస్తుంది. అది ముందే ఉన్న మొగ్గ, మీ హార్మోను పుట్టించింది కాదు. వారంలోపే రెమ్మ వచ్చిందని ఎవరైనా సంబరపడితే ముందుగా కణుపు కోసం వెతుకుతాను.

కణుపు మధ్యమాన్ని 4 నుంచి 5 మి.మీ. ముక్కలుగా కోసి, “ఈ” యానకం మీద పడుకోబెట్టి, వెలుతురులో పెట్టండి. పది నుంచి పద్నాలుగు రోజులకు కోసిన అంచులు ఉబ్బి చిన్న ఆకుపచ్చ చుక్కలు తేలతాయి, మూడు నాలుగు వారాలకు రెమ్మల గుత్తి వస్తుంది. రెమ్మలు రెండు సెంటీమీటర్లయ్యాక అడుగు కాలస్ ఏమాత్రం అంటకుండా కోసి “అ” యానకంలో నాటండి. కాలస్ అంటి ఉంటే వేర్లు ఆ కాలస్ నుంచి పుడతాయి, కాండంతో వాటికి సరైన నాళాల సంబంధం ఉండదు. పొగాకుకు వేర్ల కోసం విడిగా హార్మోను అక్కరలేదు, రెండు వారాల్లో వస్తాయి.

ఇదే కొలతను ఎర్రచందనానికో, టేకుకో వాడి మొక్కలు అమ్మవచ్చా అని అడిగేవారున్నారు. కాలస్ మీదుగా వచ్చిన మొక్కల్లో తేడాలు వస్తాయి కాబట్టి తల్లి మొక్క పోలిక తప్పకుండా రావాలంటే కణుపు మొగ్గలనే పెంచాలి, అది వేరే పని. ఏ పంటకు ఆ పంట కొలత, భాగం మారిపోతాయి: చెరకులో కాండం కన్నా మొవ్వులోని చుట్ట లేతాకులు మెరుగు, 2,4-డి కూడా లీటరుకు 3 మి.గ్రా. వరకు కావాలి.

8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

బూజు, బ్యాక్టీరియా. ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో చూస్తే కారణం తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో ముక్క చుట్టూ వస్తే శుద్ధి చాలలేదు. ముక్కకు దూరంగా అక్కడక్కడ బూజు చుక్కలు లేస్తే చేతిదో, గాలిదో తప్పు. మూడు వారాలు బాగుండి తరువాత అడుగున పాలలాంటి మబ్బు పడితే బ్యాక్టీరియా కణజాలం లోపలే ఉంది. ఆ వరుస మొత్తాన్ని వదులుకోండి. బూజు పట్టిన జాడీని కల్చర్ గదిలో తెరవకూడదు, మూతతోనే ఆటోక్లేవ్‌లో పెట్టాలి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, దూది బిరడాలు చెమ్మగిల్లి వాటిగుండా బూజు దిగుతుంది. ఆ నెలల్లో మూతలున్న జాడీలు, పారాఫిల్మ్ వాడండి.

ముక్కలు గోధుమరంగుకు తిరగడం. మొండి స్కాల్పెల్‌తో నలిపి కోయడం మొదటి కారణం, కొత్త బ్లేడు వేయండి. అయినా ఆగకపోతే మొదటి వారంలో రెండు సార్లు తాజా యానకానికి మార్చండి. యాక్టివేటెడ్ బొగ్గుపొడి వేస్తే నలుపు ఆగుతుంది, అయితే అది హార్మోనును కూడా పీల్చేస్తుంది కాబట్టి “ఆ”, “ఈ” యానకాల్లో వేయకండి.

గాజులాంటి రెమ్మలు. ఆకులు మందంగా, పెళుసుగా, నీరు నిండినట్లు ఉంటే బీఏపీని సగానికి తగ్గించి, అగర్‌ను లీటరుకు ఒక గ్రాము పెంచి, జాడీ లోపలి తేమ బయటకు పోయే మూత వాడండి.

అగర్ గడ్డకట్టకపోవడం. పీహెచ్ 5 కన్నా దిగి ఉంటుంది. పారబోసి మళ్లీ చేయాలి, ఎక్కువ అగర్ వేసి సరిపెట్టకూడదు.

పేర్లు చెరిగిపోవడం. ఇది చిన్న తప్పుగా కనిపిస్తుంది. మార్కరుతో జాడీ మీద రాసి, లామినార్‌లో పెట్టే ముందు అలవాటుగా ఆల్కహాల్‌తో తుడిచి, ఒక పూటలో ఇరవై నాలుగు జాడీల పేర్లను నేనే మాయం చేశాను. “ఆ” ఏదో “ఇ” ఏదో తేలక నెల పని పారబోశాను. అప్పటి నుంచి కాగితపు టేపు మీద పెన్సిల్‌తో రాసి, మూతకు కాకుండా జాడీ ఒంటికే అంటిస్తున్నాను.

నిప్పు. ఆల్కహాల్‌లో ముంచిన ఫోర్సెప్స్‌ను కాల్చి, మండుతుండగానే తిరిగి ఆల్కహాల్ గ్లాసులో పెట్టడం వల్ల లామినార్‌లో మంటలు లేస్తాయి. గ్లాసును దీపానికి మూరెడు దూరంలో ఉంచండి. చేతులకు రాసుకున్న స్పిరిట్ పూర్తిగా ఆరాకనే దీపం వెలిగించండి.

9. జాడీ నుంచి కుండీకి

జాడీలోని ఆకు మీద మైనపు పూత పలచగా ఉంటుంది, పత్రరంధ్రాలకు మూసుకోవడం ఇంకా అలవడదు. అందుకే బయటకు తీసిన గంటలోనే వాడిపోతుంది. కోస్తాలోనైనా తెలంగాణలోనైనా ఏప్రిల్, మే నెలల్లో ఈ మెట్టుకు చేరేలా పని పెట్టుకోవద్దు. ఆ ఎండలకు నీడ గుడ్డ కూడా కాపాడలేదు. ఆగస్టు నుంచి జనవరి లోపు కుండీకి వచ్చేలా వెనక్కు లెక్కేసుకుని గింజలు వేయండి.

- తీసే ముందు మూడు రోజులు జాడీ మూతను వదులు చేసి ఉంచండి.
- వేర్లకు అంటిన అగర్‌ను గోరువెచ్చని నీటిలో పూర్తిగా కడగండి. చక్కెర మిగిలితే బూజు వస్తుంది.
- కొబ్బరిపొట్టు, వర్మిక్యులైట్ సమపాళ్లలో కలిపి, ఆటోక్లేవ్ చేసి చల్లార్చి, చిన్న కప్పుల్లో నింపి నాటండి. క్యారెట్ పిల్లల వేరు నిలువుగా దిగేలా పుల్లతో ముందే గుంత చేయండి, వంగితే దుంప చీలుతుంది.
- పైన పారదర్శకమైన కప్పు బోర్లించి నీడలో ఉంచండి.
- ఐదో రోజు కప్పుకు రెండు రంధ్రాలు, ఎనిమిదో రోజు మరో నాలుగు చేయండి. పదో రోజు నుంచి సాయంత్రం పూట గంటసేపు తీసి పెట్టండి.
- పదిహేనో రోజు, మబ్బు పట్టిన సాయంత్రం చూసుకుని పూర్తిగా తీసేయండి. మరుసటి మధ్యాహ్నానికి ఆకులు వేలాడితే మళ్లీ బోర్లించి, ఇంకో రెండు రోజులు ఆగండి.